పట్టీలో రెండో మనిషి

ఆ రోజు పట్టీ చదివింది నేనే. నీరుకుక్కలు ఏడు, కణుజులు మూడు, ఎలుగు ఒకటి, పునుగుపిల్లులు రెండు, మనుషులు ఇద్దరు. చదివేసి, మైకు కట్టేసి, అప్పుడు నాలుక కరుచుకున్నాను. ఇద్దరేమిటి?

మా దబ్బలవలసలో పొద్దున్న ఆరింటికి అంగన్‌వాడీ అరుగు మీద మైకు మోగుతుంది. పాటా కాదు, ప్రార్థనా కాదు. గెడ్డ పట్టీ. గీతబండకు పైన, కొండ మలుపుల్లో, నిన్న ఎవరెవరు మా కొండవాగు వొంపుగెడ్డ నీళ్ళు తాగారు, ఎవరు దిగారు అన్న లెక్క అది. ఇరవై రెండేళ్ళు పిల్లలకు అఆలు చెప్పిన గొంతు కదా అని చదివే పని నాకిచ్చారు. నా పేరు నిమ్మక సింగారమ్మ. నా గొంతు ఊరి చివరి ఇంటికి కూడా మైకు లేకుండానే వినపడుతుందని మా గంగులన్న వెక్కిరిస్తాడు. నిజమే, నేను కాదనను.

గంగులన్న అంటే కడ్రక గంగులు, అయిదు ఊళ్ళ గెడ్డ కమిటీకి పెద్ద. మైకు ఆగిన రెండు నిమిషాలకే తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి సెల్లా, ఇద్దరని సదివినావు? కళ్ళజోడు ఎట్టుకోనేదా?"

"ఎట్టుకున్నాను. నువ్వే సూడు."

కాగితం దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూశాడు. గీతబండ దాటి పైకి వెళ్ళడానికి హక్కున్నది ఒక్క మనిషికే, కాపలాదారుకి. మొన్నటిదాకా ఆ పని పెంటయ్య తాత చేశాడు. మోకాళ్ళు పట్టేసి ఆయన మంచమెక్కితే, సోమవారం నుంచి నా కొడుకు తవిటేసు వెళ్తున్నాడు. ఇది మంగళవారం పట్టీ.

"కంచే సేను మేస్తే ఇంకేటుంది," అన్నాడు గంగులన్న. నా మొహం చూసి, "నీ కొడుకునే అంటన్నానని కాదు గానీ," అని గొణిగాడు. నా కొడుకునే అన్నాడు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు మేమే గెడ్డను పాడుచేశాం. మడుగుల్లో బ్లీచింగ్ పొడి కలిపి చేపలు పట్టాం, అడ్డంగా వలలు కట్టాం, పైన కొండను క్వారీవాళ్ళు తవ్వుతుంటే చూస్తూ కూర్చున్నాం. ఒక వేసవిలో గెడ్డ ఎండి, నీరుకుక్కలు కనపడకుండా పోయాయి. తర్వాత అయిదు ఊళ్ళూ కూర్చుని, బండ మీద సున్నంతో గీత గీసి, దానికి పైన మనిషి అడుగు పడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మూడేళ్ళు ఆ ఒట్టు నిలబెడితే కొండ అయిదు ఊళ్ళదీ అని హక్కు పత్రం ఇస్తామన్నారు ప్రభుత్వంలో పైవాళ్ళు. రెండో మనిషి జాడ తేలితే పత్రం లేదు, కొండ మళ్ళీ క్వారీకే. అప్పటికి రెండేళ్ళ అయిదు నెలలు గడిచాయి.

ఆ జాడ తేల్చేదే నాలుక. పేరు మేం పెట్టుకున్నదే. గీతబండ కింద చెక్‌డ్యామ్ గోడకు బిగించిన పాలక్యాను అంత ఉక్కు డబ్బా. యూనివర్సిటీ నుంచి వకుళ అనే పిల్ల తెచ్చింది. డాక్టరమ్మే గానీ సూదిమందు డాక్టరు కాదు. ఏ జీవి నీళ్ళలో దిగినా, మూతి పెట్టినా, ఉచ్చ పోసినా, ఒంటి పొట్టు కాస్త రాలుతుందట. నాలుక రోజంతా ఆ నీళ్ళు రుచి చూసి, ఆ పొట్టు ఎవరిదో తెల్లారేసరికి కాగితం మీద కొడుతుంది.

మావాళ్ళు ఊరికే నమ్ముతారా? గంగులన్న చచ్చిన కోడిని తాడు కట్టి ఒక రోజంతా బండ దగ్గర నానబెట్టాడు. పట్టీలో కోడి లేదు. మర్నాడు బతికున్న బాతును కట్టాడు. బాతు ఒకటి అని వచ్చింది. చివరికి చనిపోయిన వాళ్ళ నాన్న చొక్కా కూడా జాడించి చూశాడు. ఏమీ రాలేదు.

"చచ్చినవాటిని చదవదు పెద్దాయనా," అంది వకుళ నవ్వుతూ. "బతికున్న ఒంటినుంచి ఆ రోజు రాలిందే దానికి రుచి. రెండు రోజులు పాతదైతే మట్టితో సమానం."

అయిదు ఊళ్ళ మనుషుల గుర్తులు దానికి నేర్పాలని ఆ పిల్ల సీసాలు పట్టుకుని ఇంటింటికీ ఉమ్ము అడిగింది. ఒక్కరూ ఇవ్వలేదు. మాలో ఎంగిలి గెడ్డకే. గెడ్డలో కాలు పెట్టేముందు పుక్కిట నీళ్ళు పట్టి, తిరిగి గెడ్డకే వదిలి, పేరు చెప్పుకుని దిగుతాం. నీ ఎంగిలి తెలిసిన గెడ్డ నిన్ను ముంచదని మా పెద్దల మాట. అలాంటిది సీసాలో ఉమ్మి ఊరుగాని ఊరు పంపితే, ఎవడు చిల్లంగి పెడతాడో ఎవరికి తెలుసు? ఆడవాళ్ళం ఆలోచించి ఇంకో దారి చెప్పాం. మా పిల్లలకు పుట్టినప్పుడు రాలిన బొడ్డు ఎండబెట్టి తాయెత్తులో దాస్తాం. అందులోంచి గోటితో ఆవగింజంత గీరి ఇస్తామన్నాం. గుర్తు తీయడానికి ఎండిందైనా చాలని వకుళ ఒప్పుకుంది.

మా ఊరి తాయెత్తులన్నీ పోగుచేసింది నేనే. నూట ఎనభై నాలుగు. నేను నూట ఎనభై అయిదు ఇచ్చాను. ఎక్కువైనది మా చామంతిది.

చామంతి నా కూతురు, తవిటేసుకి మూడేళ్ళు పెద్ద. ఆరేళ్ళ కిందట, గెడ్డ పొంగిన రోజు, పైన మూడోమడుగులో మా ఊరి వలలోనే చిక్కిన నీరుకుక్క కూనను విడిపిస్తానని దిగింది. కూన బయటపడింది. నా పిల్ల పడలేదు. శవం దొరకలేదు. దానికి పదిహేడేళ్ళు. "ఆ వల వేసింది మనమే" అని నేను ఇంటింటి గుమ్మం ముందూ అరిచిన అరుపుల్లోంచే ఈ గీతబండ ఒట్టు పుట్టింది. అలాంటి పిల్లను బతికినవాళ్ళ లెక్కలోంచి తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. వాళ్ళ తాయెత్తుల మధ్య దానిదీ పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ మంగళవారం ఇంటికి వెళ్ళేసరికి తవిటేసు ఎండుచేప నంజుకుంటూ చోడంబలి తాగుతున్నాడు.

"ఒరే, నీతో పైకొస్తున్నది ఎవులురా?"

"ఎవులొస్తారే? నాకూ నీరుకుక్కలకీ పెళ్ళి సూపులేటి?"

"ఎటకారాలొద్దు. పట్టీలో ఇద్దరని ఉంది."

వాడు గిన్నె కింద పెట్టాడు. "నానొక్కణ్ణే ఎల్నానే అమ్మా. అప్ప మీద ఒట్టు."

వాడు అప్ప మీద, అంటే అక్క చామంతి మీద, ఒట్టు వేస్తే అబద్ధం ఉండదు. చిన్నప్పుడు వాడికి సికిల్ సెల్ జబ్బు. కీళ్ళు పట్టేసి, కళ్ళు పసుపెక్కి, రాత్రీ పగలూ అరిచేవాడు. పుట్టగానే దక్కడని చేటెడు తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కున్న పిల్లాడు. అందుకే ఆ పేరు. వాడికి పదకొండేళ్ళప్పుడు, పట్నం పెద్దాసుపత్రిలో, అప్ప ఎముకల్లోంచి మూలుగ తీసి వాడికెక్కించారు. జబ్బు పోయింది. అప్పటిదాకా ఎండుచేప వాసనకే వాంతి చేసుకునేవాడు, ఆ తర్వాత చామంతిలాగే ఎండుచేప లేనిదే ముద్ద ఎత్తడు. అప్ప రక్తం పని చేస్తోందని అందరం నవ్వుకునేవాళ్ళం.

బుధవారం ఇద్దరు. గురువారం ఇద్దరు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు మొదలుపెట్టారు. పక్కూరి పిల్లెవతినో పైకి తీసుకుపోతున్నాడన్నారు. వాడి వెనకే వెళ్ళి బండ దగ్గర కాపు కాసిన ఇద్దరు కుర్రాళ్ళు, వాడు ఒక్కడే పైకెళ్ళడం, ఒక్కడే దిగిరావడం చూశారు. ఆ రోజూ పట్టీలో ఇద్దరే. దాంతో కుళాయి దగ్గర గొంతులు తగ్గాయి. నవ్వడం కూడా మానేశారు.

పట్టీలో మనుషుల లెక్కే వస్తుంది, పేర్లు రావు. పేర్లు తెరవాలంటే కమిటీ అంతా ఒప్పుకోవాలి, వకుళ రావాలి. శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల జీపు దిగింది. అంగన్‌వాడీ అరుగు మీద అయిదు ఊళ్ళ పెద్దలూ కూర్చున్నారు. తవిటేసును స్తంభం దగ్గర నిలబెట్టారు. నాలుకకు తీగ పెట్టి, చేతిలోని పలకమీద ఏదో నొక్కి, వకుళ పైకి చదివింది.

"నిమ్మక తవిటేసు, పది చుక్కలు. చుక్కలంటే జాడ ఎంత గట్టిగా ఉందో చెప్పేవి, పదికి లెక్క. రెండో మనిషి... నిమ్మక చామంతి. తొమ్మిది చుక్కలు." తలెత్తింది. "ఎవరీ చామంతి? పిలవండి, మాట్లాడదాం."

గంగులన్న తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. వెనక వరసలో ముసలమ్మ ఒకతె లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

"ఆ గుంట పోయి ఆరేళ్ళయినాది డాక్టరమ్మా," అన్నాడు గంగులన్న చివరికి. "గెడ్డలోనే పోయింది."

తాయెత్తు సంగతి అప్పుడు చెప్పాను. గొంతు మైకంత ఉంటే ఏం లాభం, ఆ నాలుగు మాటలకు నాకు ఊపిరి చాలలేదు. వకుళ పలక మళ్ళీ నొక్కి చూసింది. "తాయెత్తు ఇచ్చినంత మాత్రాన పేరు రాదమ్మా. గుర్తు ఉండటం వేరు, నీళ్ళలో జాడ దొరకడం వేరు. జాడ బతికున్న మనిషిదే అయ్యుండాలి. అదీ ఆ రోజుదే. కోడిని చూశారుగా."

నాకు ఆ ఒక్క మాటే వినపడింది. బతికున్న మనిషిదే.

మర్నాడు తెల్లవారగానే తవిటేసు వెనకే బయల్దేరాను. ఎవరు గీసిన గీత? నేను గీసిందే. ఎవరు రాసిన ఒట్టు? నా దస్తూరీయే. అయినా సున్నం గీత దాటాను. నీళ్ళు తగిలితే నాలుక నన్నూ చెబుతుందని రాళ్ళమీదే అడుగులేస్తూ, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ముసలి మేకలా ఎక్కాను.

రెండేళ్ళకు పైగా మనిషి తిరగని చోటు అది. చిన్నప్పుడు నేను బట్టలు ఉతికిన బండలకు నాచు పట్టింది. దారి ఉన్నచోట దారి లేదు. నేను నడుస్తుంటే ముందు పిట్టలు ఆగాయి, తర్వాత కీచురాళ్ళు ఆగాయి. పొదల్లోంచి చాలా కళ్ళు నన్ను చూస్తున్నాయని తెలుస్తూనే ఉంది. నాది ఆ చోటు కాదని నా కాళ్ళకే తెలిసిపోయింది.

మూడోమడుగు దగ్గర బండ చాటున నిలబడ్డాను. తవిటేసు ఒడ్డున కూర్చుని, పుక్కిట నీళ్ళు పట్టి, గెడ్డకు వదిలాడు. "నాను తవిటేసుని," అన్నాడు. తర్వాత నీళ్ళకేసి చూస్తూ, మామూలుగా, ఇంట్లో మనిషితో అన్నట్టు, "వచ్చినానే అప్పా," అన్నాడు.

నీళ్ళలో తలలు లేచాయి. ఒకటి, రెండు, అయిదు, ఏడు. నల్లటి తడి తలలు. మనిషి వాసన తగిలితే ఫర్లాంగు దూరం పారిపోయే నీరుకుక్కలు, వాడి చుట్టూ చేరి, పైకి లేచి నిలబడి, వాడి మొహంలోకి చూశాయి. పెద్దది ఒకటి వచ్చి వాడి అరచేతిని వాసన చూసింది. వాసన చూసి కీచుమని కూతపెట్టింది. చామంతి మడుగు దగ్గరికి వస్తే అవి పెట్టే కూత నాకు తెలుసు. అదే కూత.

నేనింక ఆగలేకపోయాను. "చామంతీ!" అని అరుస్తూ మోకాలిలోతు నీళ్ళలోకి దూకాను. నీరుకుక్కలు మునిగిపోయాయి. తవిటేసు దడుచుకుని లేచాడు.

"అమ్మా, నువ్వేటే ఇక్కడ?"

"అదేదిరా? ఎక్కడుందిరా? నాకు సూపించరా!"

"ఎవులూ నేరే. నాను ఊరికే పిలుస్తానంతే. ఇక్కడే గదా ఎల్లిపోనాది."

నేను నమ్మలేదు. పుక్కిట నీళ్ళు పట్టి, వదిలి, నా పేరు చెప్పి, దాని పేరు పెట్టి గొంతు పగిలేలా పిలిచాను. కొండ నా గొంతునే నాకు తిరిగిచ్చింది. వాడు నా రెక్క పట్టుకుని కిందికి దించాడు.

మర్నాడు పొద్దున్న మైకు ముందు కూర్చున్నాను. నీరుకుక్కలు ఏడు. మనుషులు ముగ్గురు. తెరిచిన పేర్లు కూడా కాగితం మీద ఉన్నాయి. తవిటేసు. చామంతి. సింగారమ్మ. మూడూ చదివాను, నా పేరు కాస్త గట్టిగానే చదివాను. తప్పు నాదేనని పైవాళ్ళకు రాసిచ్చాను. ఈ ఒక్కసారికి వదిలేస్తున్నాం, ఇంకోసారైతే పత్రం మాట మరిచిపోండి అన్నారు. కమిటీ నాచేత నెల్లాళ్ళు గీతబండకు సున్నం కొట్టించింది. కొట్టాను.

వకుళకు మాత్రం నిద్ర పట్టినట్టు లేదు. మూడో రోజు చిన్న నాలుక ఒకటి, టిఫిన్ డబ్బా అంతది, పట్టుకుని మళ్ళీ వచ్చింది. తవిటేసు చిన్నప్పటి ఆసుపత్రి కాగితాలు అడిగి తీసుకుంది. వాడి తల వెంట్రుక ఒకటి కుదుళ్ళతో పీకి నీళ్ళలో వేసి డబ్బాకి పెట్టింది. నిమ్మక తవిటేసు అని వచ్చింది. తర్వాత కప్పు చాపింది.

"ఎంగిలి ఇవ్వరని తెలుసు. ఈ ఒక్కసారికి. మీ ముందే కడిగేస్తాను."

వాడు నావంక చూశాడు. నేను తల ఊపాను. వాడు ఉమ్మాడు. గంగులన్న, నేను, గుమ్మం బయట సగం ఊరు చూస్తుంటే డబ్బా మీద అక్షరాలు వెలిగాయి.

నిమ్మక చామంతి.

"మూలుగ రక్తాన్ని పుట్టిస్తుంది," అంది వకుళ మెల్లగా. "ఈయన ఒంట్లో తొమ్మిదేళ్ళుగా తయారవుతున్న రక్తం ఈయనది కాదమ్మా, అక్కది. ఆ రక్తపు కణాలే ఉమ్ములో ఉంటాయి. చర్మం, జుట్టు తమ్ముడివి. మీరు ఉమ్మే ఇచ్చుంటే ఈయన పేరు మీదే ఆ గుర్తు పడేది. బొడ్డు ఇచ్చారు. అది పుట్టినప్పటి మనిషి గుర్తు." నా చెయ్యి పట్టుకుంది. "నాలుక తప్పు చెప్పలేదు. ఆ మూలుగ పనిచేసినన్నాళ్ళూ ఆ పేరు వస్తుంది."

విన్నాను. విన్నదంతా బుర్రకెక్కితే ఇంకేం కావాలి. నాకు అప్పుడు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆరేళ్ళు గెడ్డ ఒడ్డున కూర్చుని ఏడ్చానే, అన్నేళ్ళూ అది నా కంచం ముందే కూర్చుని ఎండుచేప నంజుకు తింది. వాడిని కావలించుకుని ఛాతీ మీద చెవి పెట్టాను. ఊరు చూస్తోందన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఇద్దరూ ఒకే మనిషని వకుళ పైకి రాసింది. పైవాళ్ళ లెక్కలో మనుషులు ఒకరు అయ్యారు. కొండకు గండం తప్పింది. మా మైకు పట్టీలో మాత్రం ఇద్దరి పేర్లూ ఉంచమన్నాను. రోజూ పొద్దున్న చదివేదాన్ని. తవిటేసు, పది చుక్కలు. చామంతి, తొమ్మిది చుక్కలు. ఆ పేరు దగ్గర నా గొంతు మెత్తబడేదని మా ఊళ్ళో చెప్పుకునేవారట.

ఊరికి మాత్రం ఆ పేరు అరగలేదు. సైన్సు వేరు, చచ్చిన పిల్ల పేరు రోజూ తెల్లారగానే మైకులో వినడం వేరు. తవిటేసు చేతి మంచినీళ్ళు తాగడం ఒకరొకరే మానేశారు. పక్కింటి పసిబిడ్డకు జ్వరమొస్తే, వాడు ఎత్తుకున్నందుకే అన్నారు. ఒక సాయంత్రం గంగులన్న నా గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"సెల్లా, నానొకటి సెప్తాను, తిట్టుకోకు. ఆ గుంటకి నువ్వు దినం సెయ్యనేదు. శవం దొరకనేదన్నావు, సరే అన్నాం. ఇప్పుడు తమ్ముడి ఒంట్లో కూకుందని తెల్సిపోనాది. దారి సూపించాల గదా?"

"అది దెయ్యం కాదన్నా. వకులమ్మ సెప్పింది, రక్తం."

"రక్తమే. రక్తంలో ఉంటే మాత్రం దానికి ఇడుపు వొద్దా?"

తిట్టి పంపేద్దామనుకున్నాను. లోపలినుంచి తవిటేసు అన్నాడు. "సేద్దామే అమ్మా. ఎన్నాల్లు నన్ను మోస్తాది అప్ప? ఎల్లనీ."

మాలో పోయినవాళ్ళ పేరు గెడ్డకు మరిపించడమని ఒకటుంది. తోబుట్టువు పుక్కిట నీళ్ళు పట్టి, పోయినవాళ్ళ పేరు మూడుసార్లు చెప్పి, ఆ నీళ్ళను గెడ్డకు ఇవ్వకుండా పొడి మట్టిమీద ఊసెయ్యాలి. వినాయకచవితి వెళ్ళిన ఆదివారం గీతబండ కింద చేశాం. చామంతి గాజులు కుండలో పెట్టి నీళ్ళకు వదిలాను. తవిటేసు చామంతీ, చామంతీ, చామంతీ అని, మట్టిమీద ఊశాడు. "నీ దారి నీది, మా దారి మాది. తిరిగి సూడొద్దే అప్పా," అన్నాడు. ఆ తడి మట్టిలోకి ఇంకిపోయేదాకా అందరం నిలబడ్డాం. పైన ఎక్కడో నీరుకుక్కలు కూశాయి.

వారం తిరిగేసరికి చామంతి చుక్కలు ఏడయ్యాయి. గంగులన్న దణ్ణం పెట్టుకున్నాడు. ఇంకో పక్షానికి ఆరు. నేను పరమాన్నం వండి వీధిలో పంచాను. బాధ లేదా అంటే ఉంది. అయినా పిల్ల మెల్లగా, వెనక్కి చూడకుండా నడిచిపోతోంది కదా, తల్లిగా అది చేయగలిగాను కదా అనుకున్నాను. జనం మళ్ళీ తవిటేసు చేతి నీళ్ళు తాగారు. నాలుగు. మూడు. ఏడు నీరుకుక్కలు తొమ్మిదయ్యాయి, రెండు కూనలు పుట్టాయి. ఊరంతా సంతోషం.

వాడు కొండ దిగి వచ్చి అరుగు మీదే పడుకుంటున్నాడని చూశాను. ఎండదెబ్బ అనుకున్నాను. ఎండుచేప పక్కకు తోస్తుంటే, నోరు చేదేమో అనుకున్నాను. రాత్రిళ్ళు మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు. అడిగితే, "పెంటయ్య తాత మోకాళ్ళు నాకొచ్చీసినాయే," అని నవ్వాడు. నేనూ నవ్వాను. నా నోట్లో మన్ను పడ.

కార్తీకంలో ఒక పొద్దున్న మైకు ముందు కూర్చుని పట్టీ విప్పాను. నీరుకుక్కలు తొమ్మిది, కణుజులు నాలుగు, ఎలుగు ఒకటి. మనుషులు...

మనుషులు ఒకరు. నిమ్మక తవిటేసు.

రెండో వరస లేదు. వెళ్ళిపోయింది, అనుకున్నాను. అనుకున్న ఆ క్షణమే వకుళ మాట నా చెవిలో పడింది. ఆ మూలుగ పనిచేసినన్నాళ్ళూ ఆ పేరు వస్తుంది. ఇన్నాళ్ళూ ఎక్కడుందో ఆ మాట. నేను పంపించింది దెయ్యాన్ని కాదు. నా కొడుకు ఎముకల్లోని ప్రాణాన్ని రోజుకింత, చుక్క చుక్క లెక్కపెట్టుకుంటూ, పరమాన్నం వండి మరీ సాగనంపాను.

మైకు తెరిచే ఉంది. నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. "ఓలమ్మో, నా కొడుకు" అన్నానట. గంగులన్న సగం గీసిన గడ్డంతోనే పరుగెత్తుకొచ్చాడు. ఇన్ని నెలలుగా 'ఇద్దరు' అన్న మాటకు వణికిన ఊరు ఆ పొద్దున్న 'ఒకరు' అన్న మాట విని అరుగుల మీదికి వచ్చి నిలబడింది. వెతుక్కుంటూ వెళ్తే, గీతబండ దగ్గర తవిటేసు కాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాడు. కళ్ళు పసుపెక్కి ఉన్నాయి. పదకొండేళ్ళ వయసు నాటి అరుపే అరుస్తున్నాడు. వాడి చేతి నీళ్ళు తాగనన్న వాళ్ళే వాడిని భుజాలమీద మోసి ఆటో ఎక్కించారు.

పట్నం పెద్దాసుపత్రిలో ఇది పదహారో రోజు. కొత్తగా మూలుగ ఇవ్వడానికి తోబుట్టువు లేదు, నాది సరిపోలేదు. అప్పది ఇంకా పూర్తిగా పోలేదట. అడుగున ఎక్కడో వందకు ఒకటి రెండు పాళ్ళు మిగిలిందట. దాన్ని బతికించుకోవడానికి మందులెక్కిస్తున్నారు. "ఆరు చుక్కలప్పుడే తెచ్చుంటే బాగుండేదమ్మా," అన్నాడు డాక్టరు, పాపం, మంచివాడు, నన్ను అనాలని అనలేదు. ఆరు చుక్కలప్పుడు నేనేం చేస్తున్నానో ఆయనకు చెప్పలేదు.

రోజూ ఆరింటికి గంగులన్న ఫోనులో పట్టీ చదువుతాడు. కాపలాకు ఇప్పుడు ఆయనే వెళ్తున్నాడు. "నీరుకుక్కలు తొమ్మిది. మనుషులు ఒకరు సెల్లా, నానే," అంటాడు. ఆ తర్వాత, "మూడోమడుగు దగ్గర నన్ను సూసి మునిగిపోతన్నాయి. నీ కొడుకుని బేగి తోలుకొచ్చీ," అంటాడు. మట్టిమీద ఊసిన చోటును ఊరివాళ్ళే తవ్వి, ఆ మట్టి గంపలకెత్తి గెడ్డలో కలిపారట. అలాంటి ఆనవాయితీ మాలో లేదు. ఇప్పుడు మొదలైంది.

ఇవాళ సోమవారం. పొద్దున్న నర్సు ఉమ్ము కప్పు, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఈ మందులు పట్టాయో లేదో ఈ కప్పుతోనే తెలుస్తుందట. తవిటేసును లేపి కూర్చోబెట్టాను. వాడి వీపు నా చేతికి కర్రల మోపులా తగిలింది. పుక్కిట నీళ్ళు పట్టి, కప్పులో వదిలాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, నీరసంగా అన్నాడు.

"నాను తవిటేసుని."

నర్సు కప్పు అందుకోబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఒకటే సెప్పినావేటిరా? రెండో పేరు కూడా సెప్పు."